హాలులో వేయడానికి ఫ్యూటాన్ పరుపు: దూదా, ఫోమా, పీచా?

నయీంనగర్ నివాసి | శనివారం, ఉదయం 7:50

అందరికీ నమస్కారం. హన్మకొండ నయీంనగర్‌లో ఒకే పడకగది ఉన్న ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. నేను, నా భార్య, నాలుగేళ్ల పాప. మా అమ్మ హుజూరాబాద్ దగ్గరి పల్లెలో ఉంటుంది. మోకాళ్ల వైద్యం కోసం నెలకోసారి వచ్చి పది రోజులు ఉండాలి. వచ్చినప్పుడల్లా పడకగది ఆమెకు ఇచ్చి మేము హాలులో చాప పరుచుకుంటాం. తెల్లవారి నా భార్య నడుము పట్టుకుని లేవడం చూసి అమ్మ మనసు కష్టపెట్టుకుంటుంది. పోయిన నెల ఆరో రోజే సంచి సర్దుకుని బస్సెక్కింది. చికిత్స సగంలో ఆగిపోయింది.

హాలు పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. పగలు సోఫాలా, రాత్రి మంచంలా ఉండే ఫ్యూటాన్ వేద్దామని నిర్ణయించుకున్నాం. చెక్క చట్రం మా ఊరి వడ్రంగి చేసిస్తానన్నాడు. పరుపు దగ్గరే ఆగిపోయాను. నాలుగు దుకాణాలు తిరిగితే ఒకరు పీచు అన్నారు, ఒకరు ఫోమ్ అన్నారు, ఒకరు స్ప్రింగు పరుపే మడుచుకోండి, ఏమీ కాదన్నారు. దూది పరుపు అడిగితే ఇప్పుడెవరు వాడుతున్నారని నన్నే తిరిగి అడిగారు. పరుపు వరకు పదివేలు పెట్టగలను. ఐదారేళ్లు నిలవాలి. వాడిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

గోదావరిఖని క్వార్టర్ | శనివారం, ఉదయం 8:35

అన్నా, మడిచే చట్రం మీద పీచు పరుపు మాత్రం వేయకండి. మేము వేసి నష్టపోయాం.

మా క్వార్టర్లో ముందు గది చిన్నది. రాత్రి షిఫ్టు దిగి వచ్చి పగలు నేను అక్కడే పడుకుంటాను, సాయంత్రానికి అది మళ్లీ సోఫా కావాలి. పీచు పరుపంటే కొబ్బరి పీచును రబ్బరు పాలతో అతికించి పలకలా ఒత్తినది. చదునైన మంచం మీద ఉన్నంత కాలం దానికి వంక పెట్టలేం. గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది. కానీ రోజుకు రెండుసార్లు మడిస్తే ఆ రబ్బరు పట్టు వదిలేస్తుంది. ఎనిమిది నెలలకు నడిమధ్య గీత పడింది. ఆ తర్వాత మా ఇంట్లో వాళ్లు ఊడ్చినప్పుడల్లా చట్రం కింద గోధుమరంగు పొడి గుప్పెడేసి వచ్చేది. దుకాణానికి తీసుకెళితే వారంటీ కాగితం వెనక్కు తిప్పి చూపించారు. మడిచి వాడితే వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది. కొన్న రోజున మడిచే చట్రం కోసమని చెప్పే కొన్నాం, అప్పుడు ఎవరూ నోరు విప్పలేదు.

మామూలు స్ప్రింగు పరుపూ అంతే. మడిస్తే లోపలి తీగలు వంగుతాయి, వంగిన తీగ మళ్లీ తిన్నగా రాదు.

కాజీపేట ప్రయాణికుడు | శనివారం, ఉదయం 9:20

ఉద్యోగరీత్యా రెండేళ్లు జపాన్‌లో ఉన్నాను. ఫ్యూటాన్ అనే మాట అక్కడిదే, కాబట్టి మొదట్నుంచీ చెప్తాను.

వాళ్ల ఫ్యూటాన్‌కు చట్రమే లేదు. కింద పరిచేది శికిబుతోన్, పైన కప్పుకునేది కాకెబుతోన్. పాతకాలం పద్ధతిలో రెండింట్లోనూ దూదే, కిందిది ఒత్తుగా ఉండే పరుపు, పైది బొంతలాంటిది. కింది పరుపు మందం మూడు నాలుగు అంగుళాలకు మించదు. దాన్ని గచ్చు మీద నేరుగా వేయరు. గడ్డితో చేసిన తతామి అనే మందపాటి చాపలు గదంతా పరిచి ఉంటాయి, వాటి మీద వేస్తారు. పొద్దున లేవగానే మూడు మడతలు పెట్టి గోడ అల్మారాలో సర్దేస్తారు, గది ఖాళీ అవుతుంది. ఎండ కాసిన రోజున వీధి పొడవునా బాల్కనీ కటకటాల మీద పరుపులు వేలాడుతుంటాయి. అది చూసినప్పుడల్లా మా నాయనమ్మ కార్తికంలో బొంతలన్నీ డాబా మీదికి ఎక్కించి ఆరేయడం గుర్తుకొచ్చి కళ్లు చెమర్చేవి.

మడిచే చెక్క చట్రం, దాని మీద మందపాటి పరుపు అమెరికాలో వచ్చిన మార్పు. మన దుకాణాల్లో ఫ్యూటాన్ అని అమ్మేది ఈ రెండోదే. అందుకే మీకు కావలసింది ఏదో ముందు తేల్చుకోండి. నేల మీద పరిచేదైతే మూడు నాలుగు అంగుళాలు సరిపోతుంది. చట్రం మీదికైతే ఆరు ఉండాలి. అంతకన్నా పలచనైతే చట్రం పలకలు వీపుకు తగులుతాయి. ఎనిమిది అంగుళాలదైతే సరిగా మడత పడదు, కూర్చున్నప్పుడు పరుపు ముందుకు జారుతుంది.

లోతట్టు కాలనీ | శనివారం, ఉదయం 10:05

నేల మీద పరిచే ఆలోచన ఉంటే మానుకోమని నా విన్నపం. మాది హన్మకొండలోనే ఒక లోతట్టు కాలనీ, కింది అంతస్తు. 2023 జూలై చివర్లో కురిసిన వాన గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజామున హాలులోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. నేల మీద ఉన్న దూది పరుపును ఇద్దరం కలిసి లేపలేకపోయాం, అంత నీరు పీల్చింది. ఆరబెట్టి వాడుకుందామని మా అత్తమ్మ అన్నారు గానీ మురుగు కలిసిన నీరు, పారేశాం.

వరద సంగతి పక్కన పెట్టినా, వానాకాలం నాలుగు నెలలు టైల్స్ చల్లగా ఉంటాయి. మనిషి ఒంటి వేడి, చెమట పరుపు గుండా కిందికి దిగి ఆ చల్లని నేల దగ్గర తేమగా మారుతుంది. అంతకు ముందు ఏడాది మా పరుపు అడుగున నల్లటి బూజు చుక్కలు కనిపించాయి. రోజూ ఎత్తి గోడకు నిలబెట్టే ఓపిక ఉంటేనే నేల పరుపు.

నయీంనగర్ నివాసి | శనివారం, ఉదయం 10:40

మాది రెండో అంతస్తు. చట్రం ఖాయం. పీచు, స్ప్రింగు జాబితా నుంచి తీసేశాను, ధన్యవాదాలు అన్నా. ఇక మిగిలింది ఫోమా, దూదా.

కరీంనగర్ కాటా | శనివారం, మధ్యాహ్నం 12:15

ఫోమ్ కొనేవాళ్లందరికీ డెన్సిటీ అడగండి అని చెప్తారు. దుకాణంలో అడిగితే నలభై అంటారు. అది నలభయ్యేనని మనకెలా తెలుస్తుంది? నేను తూకం వేయిస్తాను.

ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు ఉంటుందో అదే డెన్సిటీ. అంతకన్నా మర్మం ఏమీ లేదు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న ముక్క 0.17 ఘనపు మీటరు అవుతుంది. 40 డెన్సిటీ అయితే అది 6.8 కిలోలు తూగాలి. 32 అయితే 5.4 కిలోలు. కాటా మీద నాలుగు కిలోలే చూపిస్తే అది 24కు కూడా రాని సరుకు, ఏడాదిలో కూర్చున్న చోట గుంట పడుతుంది. గలీబు వేయకముందే, ఉత్త ఫోమ్‌ను తూచమనండి. తూచడానికి ఒప్పుకోని చోట కొనకండి.

ఇంకో మాట. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. ఎక్కువ డెన్సిటీ ఉన్నా మెత్తగా ఉండే ఫోమ్ ఉంటుంది. డెన్సిటీ ఎంత కాలం నిలుస్తుందో చెప్తుంది, గట్టిదనం వీపుకు ఎలా ఉంటుందో చెప్తుంది. రెండూ విడివిడిగా చూడాలి. 80, 100 డెన్సిటీ అని చూపించేది ఫోమ్ ముక్కల్ని అతికించి ఒత్తిన రీబాండెడ్ రకం. అది బరువుగా, బిరుసుగా ఉంటుంది, మడత దగ్గర మొండికేస్తుంది. చదునైన మంచానికి పనికొస్తుంది గానీ మీ చట్రానికి కాదు.

మెమరీ ఫోమ్ జోలికి వెళ్లకండి. వేడికి మెత్తబడడం దాని గుణం. మే నెలలో మన హాళ్లు రాత్రి పది దాటినా సెగలు కక్కుతుంటాయి. ఒళ్లు అందులోకి కూరుకుపోతుంది, మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి పక్కకు తిరగడమే కష్టమవుతుంది.

దూది ఏకే ఇల్లు | శనివారం, మధ్యాహ్నం 2:30

దూది ఇప్పుడెవరు వాడుతున్నారని దుకాణంలో అన్నారని చదివి ఆగలేక రాస్తున్నాను. వరంగల్‌లో మాది మూడు తరాలుగా ఇదే పని. మా నాన్న వింటితాడుతో దూది ఏకినవాడు. భుజాన విల్లు వేసుకుని వీధిలో తాడు మీటుతూ వెళితే ఆ చప్పుడు విని ఇళ్లలోంచి పిలిచేవారు. నేను యంత్రం మీద ఏకుతాను. ఎనుమాముల మార్కెట్‌కు ఇంత పత్తి వచ్చే ఊళ్లో దూది పరుపు దొరకడం లేదనుకుంటే నాకు బాధగా ఉంటుంది. దొరుకుతుంది. కాకపోతే చూసి చేయించుకోవాలి.

మొదట చూడాల్సింది ఏ దూది అన్నది. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు నుంచి వచ్చిన కొత్త దూది వేరు, నూలు మిల్లు వ్యర్థం వేరు, పాత బట్టలు చింపి తీసినది వేరు. మూడూ ఏకాక తెల్లగానే కనిపిస్తాయి. గుప్పెడు తీసుకుని వెలుతురుకు పట్టి మెల్లగా విడదీయండి. ఎర్రవో నీలంవో దారపు ముక్కలు కనిపిస్తే అది పాతబట్ట దూది. తర్వాత చిటికెడు తీసి, ఇంటి బయట, పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుని వెలిగించండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కలిపి ఉంటే ముడుచుకుని కరిగి, చల్లారాక నల్లపూసలా గట్టిగా మిగులుతుంది. ఈ పరీక్ష మా దగ్గర చేసినా నేను ఏమీ అనుకోను.

రెండోది పింజ, అంటే దూది పోగు పొడవు. ఇప్పుడు మన చేలల్లో పండేది ఎక్కువగా పొడవు పింజ. నూలు వడకడానికి అది మేలు. పరుపుకు పొట్టిగా, కాస్త గరుకుగా ఉండే పింజ మేలు, అణిగినా మళ్లీ లేస్తుంది. పొడవు పింజ తొందరగా ముద్ద కడుతుంది. రెండూ కలిపి ఏకితే ఫర్వాలేదు.

మూడోది, ఎలా నింపారన్నది. గలీబులో దూదిని గుప్పిళ్లతో కూరితే ఆరు నెలల్లో గడ్డలు కడుతుంది. దుప్పటి మడతల్లా పొరలు పొరలుగా పరిచి, కర్రతో కొట్టి సమం చేసి, అప్పుడు మూయాలి. తర్వాత పైనుంచి కిందికి దబ్బనంతో ఆరపార కుట్లు వేయాలి. ప్రతి జానెడుకు ఒక కుట్టు. కుట్టు మధ్య దూరం మూరెడు ఉంటే దూది మూలలకు పారిపోతుంది. మడిచే చట్రానికైతే ఈ కుట్లే ప్రాణం. చుట్టూ అంచుకు కూడా రెండు వరసల కుట్టు ఉండాలి, లేకపోతే కూర్చునే వైపు అంచు జారిపోతుంది.

పరుపు బట్ట దగ్గర పొదుపు చేయకండి. చారల గుడ్డ అని మేము వాడేది వాలు నేతది, ఒత్తుగా ఉంటుంది, దూది పోగులు బయటికి రావు.

దూది పరుపు కొత్తలో పొంగి ఉంటుంది, మొదటి ఆరు నెలల్లో అంగుళం దాకా అణుగుతుంది. అది లోపం కాదు. రెండు మూడేళ్లకోసారి విప్పి మళ్లీ ఏకించుకుంటే అదే దూది మీ పాప పెళ్లి దాకా వస్తుంది. ఫోమ్ పరుపు పాడైతే చెత్తబండికి ఇవ్వాల్సిందే.

జమ్మికుంట చేను | శనివారం, సాయంత్రం 4:10

పెద్దాయన చెప్పిన పింజ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మేము పత్తి పండిస్తాం. ఒక్క సంగతి కలుపుతాను. తొలి ఏరుడు పత్తి తెల్లగా శుభ్రంగా ఉంటుంది, చివరి ఏరుడులో ఎండాకు ముక్కలు, పురుగు తిన్న కాయల పసుపు పోగులు కలుస్తాయి. పరుపుకు తొలి, మలి ఏరుడు దూది అడగండి. క్వింటాలు పత్తిని జిన్నింగ్ ఆడిస్తే ముప్పై మూడు నుంచి ముప్పై ఐదు కిలోల దూది వస్తుంది, మిగతాది గింజ. చుట్టాల్లో పత్తి రైతులు ఉంటే మీ పరుపుకు సరిపడా దూది వాళ్ల ఇంటి నుంచే తెచ్చుకోవచ్చు.

పరకాల అక్క | శనివారం, రాత్రి 9:25

తమ్ముడూ, ఇందాకటి నుంచి చదువుతున్నాను. ఆ చట్రాన్ని రోజూ పొద్దున ఎవరు మడుస్తారు? రాత్రి ఎవరు పరుస్తారు? నువ్వు ఆఫీసుకు వెళ్లాక ఎవరైనా వస్తే నీ భార్యే కదా దాన్ని లేపాల్సింది.

మా ఇంట్లో ఆరంగుళాల పూర్తి దూది పరుపు చేయించారు, నాలుగడుగుల వెడల్పు. ఇరవై కిలోలు. నడుము నొప్పి నాకు అక్కడే మొదలైంది. నాలుగు నెలలయ్యాక పరుపును మడవడం మానేశాం, అది హాలులో మంచంగానే ఉండిపోయింది. దూది మంచిదే, నేను కాదనను, దాని మీద నిద్ర చల్లగా పడుతుంది. కానీ బరువు మోసే మనిషిని అడగకుండా పరుపు నిర్ణయించకు. ఆమెను ఒకసారి పది కిలోల బియ్యం బస్తా రెండు కలిపి లేపమని చూడు.

దూది ఏకే ఇల్లు | శనివారం, రాత్రి 10:00

అక్క చెప్పింది న్యాయమైన మాట. నా పోస్టులో బరువు సంగతి రాయకపోవడం తప్పే.

మడిచే చట్రాలకు మేము ఇంకో పద్ధతిలో చేస్తాం. నడుమ మూడంగుళాల ఫోమ్, దానికి పైన ఒకటిన్నర, కింద ఒకటిన్నర అంగుళం దూది పొర. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు కొలతకు ఫోమ్ ఏడు కిలోల లోపు, దూది పది కిలోలు, మొత్తం పదిహేడు. అంచులు జారవు, మడత దగ్గర ఫోమ్ స్ప్రింగులా పనిచేసి చట్రాన్ని లేపడానికి సాయపడుతుంది. ఒంటికి తగిలేది దూదే కాబట్టి చెమట పీలుస్తుంది. చట్రానికి బిజాగరీలు మంచివి వేయిస్తే పరుపును ఎత్తనక్కర్లేదు, వెనుక పలకను లాగితే పరుపూ దానితోనే లేస్తుంది. ఫోమ్‌ను మడత దగ్గర రెండు ముక్కలుగా కోయమని కొందరు అడుగుతారు. వద్దు. పడుకున్నప్పుడు ఆ గీత సరిగ్గా వీపు కిందికి వస్తుంది. మూడంగుళాల ఫోమ్ కోయకుండానే వంగుతుంది.

నర్సంపేట టీచరమ్మ | ఆదివారం, ఉదయం 6:45

బాబూ, నేను నలభై ఏళ్లు బడిలో నిలబడి పాఠాలు చెప్పి మోకాళ్లు పోగొట్టుకున్నదాన్ని. నీ పోస్టులో నన్ను ఆపిన మాట ఒకటి ఉంది. ఆ ఫ్యూటాన్ మీ ఇద్దరి కోసం అనుకుంటున్నావు. మీ అమ్మ గదిలో, మీరు హాలులో. ఆమె ముందే వెళ్లిపోతున్నది ఎందుకో ఆలోచించు. కొడుకు పడక తను తీసుకున్నానన్న బాధ. హాలులో చాప బదులు పరుపు వేసినా ఆ బాధ పోదు. నువ్వు పరుపు తెచ్చిన రోజే దాని మీద ఆమె పడుకుంటానంటుంది, చూడు. కాబట్టి అది ఆమెకు తగినట్టుగా చేయించు.

మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లకు మెత్తదనం కన్నా ఎత్తు ముఖ్యం. కింద కూర్చుంటే లేవలేం. మీ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి మోకాలి వెనుక మడత వరకు కొలువు. పరుపు మీద కూర్చున్నాక ఎత్తు దానికన్నా ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి. నా కొలత పదహారు వచ్చింది, మా మంచం పద్దెనిమిది. పరుపు అంగుళం అణుగుతుందని లెక్క వేసుకోవాలి.

సోఫాగా మడిచినప్పుడు చాలా ఫ్యూటాన్లు వెనక్కు వాలి ఉంటాయి. వయసులో ఉన్నవాళ్లకు అది హాయి, నాలాంటివాళ్లకు గుంటలోంచి లేచినట్టు ఉంటుంది. కూర్చునే పలక వాలు చాలా తక్కువగా పెట్టమని వడ్రంగికి చెప్పు. రెండు పక్కలా చేతులు గట్టివి, బరువు మోపి లేవగలిగేలా ఉండాలి. సన్నటి అలంకారం చేతులు వద్దు.

నయీంనగర్ నివాసి | ఆదివారం, ఉదయం 11:30

టీచరమ్మా, మీ పోస్టు చదివి వెంటనే అమ్మకు ఫోన్ చేశాను. ఎక్కడ పడుకుంటావు అని సూటిగా అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "హాలులో అయితే పొద్దున నాలుగింటికి లేచినా మీ నిద్ర చెడదు కదరా, తలుపు చప్పుడు ఉండదు, పాప నా దగ్గరే పడుకుంటుంది" అంది. ఇన్ని నెలలుగా ఆమె నాలుగింటికి లేచి, మేము లేచేదాకా ఆ గదిలో చీకట్లో కూర్చుంటోందని నాకు తెలియదు.

కొలత చెల్లెలు తీసి పంపింది, పదిహేనున్నర అంగుళాలు. పలకలు నేల నుంచి పన్నెండు అంగుళాల ఎత్తులో, పరుపు ఆరు అంగుళాలు. నా భార్యనూ అడిగాను. ఫోమ్, దూది కలిపిన రకమే మేలని, పూర్తి దూది రోజూ లేపలేనని చెప్పింది. పరకాల అక్కా, మీరు అనకపోతే అడిగేవాణ్ణి కాదు.

కొత్తవాడ మగ్గం | ఆదివారం, మధ్యాహ్నం 1:00

పరుపు కింద ఏం వేయాలో ఎవరూ రాయలేదు. చట్రం పలకల మీద నేరుగా పరుపు వేస్తే రెండు ఇబ్బందులు. పలకల అంచులకు పరుపు గుడ్డ రాసుకుని చిరుగుతుంది. మడిచినప్పుడల్లా పరుపు జారుతుంది. నూలు జంపఖానా ఒకటి పరిచి దాని మీద పరుపు వేయండి. నూలుకు నూలు పట్టుకుంటుంది, జారదు. గాలీ ఆగదు. ప్లాస్టిక్ షీటు వేయకండి, తేమంతా లోపలే ఉండిపోతుంది.

మా కొత్తవాడలో నేసే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోడకు తగిలించే రంగురంగులవి కాదు, ఒత్తు నేత ఉన్న సాదా రకం అడగండి. దశాబ్దాలు వాడినవి మా ఇంట్లో ఉన్నాయి.

పలకల మధ్య సందు మూడంగుళాలు దాటకుండా చూసుకోండి. రెండు ఉంటే ఇంకా మంచిది. సందు ఎక్కువైతే ఫోమ్ అందులోకి దిగి కాలువలు పడుతుంది.

ములుగు రోడ్డు నాన్న | ఆదివారం, మధ్యాహ్నం 3:40

పాప కూడా దాని మీదే పడుకుంటుంది కాబట్టి రాస్తున్నాను. మా వాడికి ఆయాసం. పరుపుల్లో కంటికి కనిపించని దుమ్ము పురుగులు ఉంటాయి, అవి ఏ రకం పరుపులోనైనా చేరతాయి. దూదిలో ఉంటాయి, ఫోమ్‌లో ఉండవు అనేది నిజం కాదు. మన చర్మం నుంచి రాలే పొట్టే వాటి ఆహారం. గలీబు జిప్పు ఉన్నది, విప్పి ఉతకగలిగేది తప్పనిసరి. వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికితే అవి చస్తాయి, చల్లనీళ్లలో చావవు.

ఎండ సంగతిలో మాత్రం రెండింటికీ తేడా ఉంది. దూదికి ఎండ అమృతం. ఫోమ్‌కు నేరుగా ఎండ తగిలితే పసుపెక్కి పొడి రాలుతుంది, దాన్ని నీడలో గాలికే ఆరబెట్టాలి. మీది రెండూ కలిపింది, పైన దూది పొర, గుడ్డ ఉంటాయి కాబట్టి గంట సేపు లేత ఎండ తగిలితే ఏమీ కాదు. మధ్యాహ్నపు ఎండలో వదిలేయకండి.

మంచిర్యాల | ఆదివారం, సాయంత్రం 6:15

మా పొలం గట్టున బూరుగు చెట్టు ఉంది. ఏటా కాయలు పగిలి దూది గాలికి పోతోంది. ఆ దూదితో ఇలాంటి పరుపు చేయించవచ్చా?

దూది ఏకే ఇల్లు | ఆదివారం, సాయంత్రం 7:05

దిండ్లకు బూరుగు దూదిని మించింది లేదు. చాలా తేలిక, నీరు పట్టదు. ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షణ కోట్లలో కూడా అదే నింపేవారు. కానీ దాని పోగు నున్నగా, పెళుసుగా ఉంటుంది. ఏకినా పట్టు ఇవ్వదు, రోజూ మడిస్తే విరిగి పొడి అవుతుంది. మడిచే పరుపుకు వద్దు. కాయలు పగలకముందే కోసి, నీడలో ఆరబెట్టి, గింజ తీసి ఇంటిల్లిపాదికీ దిండ్లు చేయించుకోండి.

నయీంనగర్ నివాసి | 24 రోజుల తర్వాత, రాత్రి 9:50

ఆలస్యానికి మన్నించండి. పని పూర్తయ్యాకే రాయాలని ఆగాను.

ఫోమ్ కరీంనగర్ అన్న చెప్పినట్టే తూకం వేయించి కొన్నాను. మొదటి దుకాణంలో నలభై అని చెప్పిన ముక్క 4.9 కిలోలు తూగింది. లెక్క చూపిస్తే మాట్లాడకుండా లోపలికి తీసుకెళ్లిపోయారు. రెండో చోట 6.7 వచ్చింది, తీసుకున్నాను. దూది మా చిన్నాన్న ఇంటి నుంచి తెచ్చాను, తొలి ఏరుడుది. పొట్టి పింజ నాలుగు కిలోలు ఏకే చోట కలిపారు. కుట్లు జానెడుకు ఒకటి. గుడ్డ, కూలి అన్నీ కలిపి పదివేలలోపే అయింది. కొత్తవాడ జంపఖానా అదనం.

పరుపు వచ్చిన మర్నాడు అమ్మ వచ్చింది. ముందు కూర్చోలేదు. వంగి, అరచేతితో ఈ మూల నుంచి ఆ మూలకు రుద్దుతూ వెళ్లింది. ఒకచోట ఆగి, బొటనవేలితో నొక్కి, "ఇక్కడ గింజ ఉంది" అంది. నాకు ఏమీ తగల్లేదు. అంచు కుట్టు సందులోంచి పిన్నీసు పెట్టి లాగింది. నిజంగానే సగం నలిగిన పత్తి గింజ, పొట్టుతో సహా. నలభై ఏళ్లు పత్తి ఏరిన చెయ్యి. ఆ గింజను కిటికీలో పెట్టి అప్పుడు కూర్చుంది, పక్క చెయ్యి మీద బరువు మోపి తనంతట తాను లేచింది. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది.

ఈసారి పదకొండు రోజులు ఉంది. పాప ఆమె పక్కనే పడుకుంది. నాలుగింటికి లేచి లైటు వేసుకుని హాలులో టీ పెట్టుకునేది, మాకు మెలకువ వచ్చేది కాదు.

ఒక్క సందేహం మిగిలింది. కూర్చునే వైపు మూడు నాలుగు కుట్లు అప్పుడే వదులైనట్టు అనిపిస్తున్నాయి. దూది అణగడం వల్లనా, లేక కుట్టు తెగుతోందా?

దూది ఏకే ఇల్లు | 25 రోజుల తర్వాత, ఉదయం 7:15

దూది అణిగింది, అంతే. దారం తెగితే ముడి ఊడి చేతికి వస్తుంది. మూడు నెలలు నిండాక తీసుకురండి, అన్ని కుట్లూ ఒకేసారి బిగించి ఇస్తాను, దానికి డబ్బులేమీ అక్కర్లేదు. అప్పటిదాకా నెలకోసారి పరుపును తల వైపు కాళ్ల వైపుకు తిప్పి వేయండి. అమ్మగారు వచ్చే రోజుల్లో తీసుకురాకండి, ఒక పూట పడుతుంది.